దీక్ష ఎన్ని రోజులు?

నా తోడబుట్టిన అప్ప లక్ష్మణమ్మ మొగుడు కూర్మయ్య వల లాగడంలో నలుగురి పెట్టు. అలాంటి మనిషిని నా పడవ ఎక్కొద్దన్నది నేనే. మాఘమాసంలో ఒకరోజు పడవ అడుగున ఇంజను ఫ్యానుకు వల చుట్టుకుంటే, నడుముకు తాడు కట్టుకుని నీళ్లలోకి దిగాను. పైన తాడు పట్టుకున్నది కూర్మయ్య. తాగి ఉన్నాడు, వదిలేశాడు. మా పడవ కుర్రాడు వెంకీ చూసి దూకాడు కాబట్టి ఈ సంగతి చెప్పడానికి మిగిలాను. "ఆడు కాదురా, మందు సేసిన పని" అని ఊరంతా సర్దిచెప్పారు. నాకు ఒళ్లు మండింది. ఆ మందు గొంతులో పోసుకున్నదెవడు మరి?

ఏప్రిల్‌లో అప్ప వచ్చి కూలబడింది. "ఒరే గంగులూ, పడవెక్కకపోతే ఆడు ఒడ్డునే తాగి సచ్చిపోతాడురా" అంది. అప్పుడే చేపలవేట నిషేధం మొదలైంది, ఇంకా రెండు నెలలుంది. పడవ దించేనాటికి మానితే సరేసరి, లేకపోతే ఈ జన్మకు నా పడవలో చోటు లేదని తెగేసి చెప్పాను.

మా ఊళ్లో తాగుడు మానడానికి ఒక్కటే దారి, అయ్యప్ప మాల. కూర్మయ్య నాలుగుసార్లు వేశాడు. ఆ నలభై ఒక్క రోజులూ నిప్పు. మాల తీసిన సాయంత్రం మాత్రం ఆ నలభై ఒక్క రోజులదీ ఒకేసారి తాగి కాలవలో దొరికేవాడు.

ఈసారి ఆసుపత్రి నర్సమ్మ ఒక చీటీ రాసిచ్చింది. శ్రీకాకుళంలో ఒక సందు, మేడ మీద, ఆదివారం నాలుగు గంటలకు. తాగుడు మానినవాళ్లు అక్కడ కూర్చుంటారట. ఆదివారం మా బావ తలంటుకుని, నల్లలుంగీ కట్టి, కాళ్లకు చెప్పులు లేకుండా, సంచిలో కొబ్బరికాయ, అరటిపళ్లు, అగరొత్తులు పెట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటి బావా, గుడికేటి?" అన్నాను.

"దీక్ష ఇస్తారు కదరా. కాళీ సేతుల్తో ఎల్తే బాగుంటాదేటి?"

నాకూ అది సబబుగానే తోచింది.

సందులో మూడు మేడలున్నాయి, ఒక్కదానికీ బోర్డు లేదు. తాగుబోతుల మీటింగు ఎక్కడండీ అని నడివీధిలో ఎలా అడుగుతాం? మీటింగెక్కడని మాత్రం అడిగాను. సందు మొగలో కుట్టుకుంటున్న టైలరు మొదటి మేడ చూపించాడు. అక్కడ నలభైమంది పెద్దవాళ్లు కూర్చున్నారు. నరసింగరావు గారని ఒకాయన ఎదురొచ్చి కూర్చోబెట్టి బోండాలు, టీ ఇప్పించాడు. మా బావ బోండాను ప్రసాదంలా కళ్లకద్దుకుని తిన్నాడు.

"అందరూ మానేసినోళ్లేరా. ఎంత కళగా ఉన్నారో సూడు" అని నా చెవిలో ఊదాడు.

అరగంట గడిచాక మైకులో కరువు భత్యం అన్న మాట వినబడింది. అది పెన్షనర్ల సంఘం. సిగ్గుతో చచ్చి, చీటీ నరసింగరావు గారికి చూపించాను. ఆయన చదివి, మమ్మల్ని చెయ్యిపట్టుకుని పక్కమేడ మెట్లదాకా తీసుకెళ్లాడు. "మా పెద్దోడు కూడా ఇక్కడికే వస్తాడు బాబూ" అని వెనక్కి తిరిగిపోయాడు.

మా బావ మెట్ల దగ్గర ఆగిపోయాడు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు భయపడితే ఎలాగని నేనే తోశాను. పైన ఏడుగురు మనుషులు, ప్లాస్టిక్ కుర్చీలు, టీ ఫ్లాస్కు ఉన్నాయి. పటం లేదు, దీపం లేదు.

"గురువుగారు ఎవులండీ?" అన్నాడు మా బావ, సంచి గుండెకు హత్తుకుని.

ఇస్త్రీ చొక్కా వేసుకున్న ప్రమోద్ అనే ఆయన లేచాడు. "గురువు లేడన్నా. మేమందరం తాగినోళ్లమే. కూర్చో."

"దీక్ష ఎన్ని రోజులండీ?"

"ఇవాళొక్కరోజే."

"మరి రేపో?"

"రేపటి సంగతి రేపు చూసుకుందాం."

నాకు చిర్రెత్తింది. ఒక్కరోజు ఆగడానికి ఇంతమంది కుర్చీలు వేసుకోవాలా? మా బావ మాత్రం కుర్చీలో కూర్చుని, సంచిలోంచి కొబ్బరికాయ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మాలకి ఆకరి రోజుండేది. నాను ఆ రోజు కోసవే ఆగేవోణ్ణి" అన్నాడు.

తర్వాత ఎవరూ అడక్కుండానే చెప్పాడు. "మా బావమరిదిని నీట్లో వదిలేసినాను. సేతిలో తాడుందో నేదో కూడా నాకు తెల్దు." ఆ మాట నాతో అంటాడని మూడు నెలలు ఎదురుచూశాను. ముక్కూమొహం తెలియనివాళ్లకు చెప్పాడు, నావైపు చూడనే లేదు. కోప్పడాలో ఏడవాలో నాకు తెలియలేదు. కొబ్బరికాయ కొట్టడానికి అక్కడ రాయి కూడా లేదు. ప్రమోద్ దాన్ని గుమ్మానికేసి కొట్టి, ముక్కలు అందరికీ టీతో పంచాడు.

జూన్‌లో పడవకు పసుపుకుంకుమలు పెట్టి దించుతున్నప్పుడు అడిగాను. "ఇంక తాగవు గదా బావా?"

"అది తెల్దురా. ఇవాళయితే తాగను."

ఇదేం జవాబు? ఆరు ఆదివారాలు వెళ్లివచ్చిన మనిషి చెప్పాల్సిన మాటేనా? వెనక నాలుగుసార్లూ ఇంక జన్మలో ముట్టనని బల్లగుద్ది చెప్పినవాడే. ఏది నమ్మాలో తెలియక, అప్ప మొహం చూసి ఎక్కించుకున్నాను.

వారం తిరక్కుండా మళ్లీ ఫ్యానుకు వల చుట్టుకుంది. నడుముకు తాడు కట్టుకున్నాను. పట్టుకుంటానని వెంకీ చెయ్యి చాపాడు. నేను మా బావవైపు తిరిగాను.

"ఇవాళ తాగినావేటి?"

"నేదు."

తాడు కొస అతని చేతిలో పెట్టి నీళ్లలోకి దిగాను.