ఆ ఇంజన్ చప్పుడు

రెండేళ్ల కిందట పాత డీజిల్ బండి కొందామని, మెకానిక్ అయిన మా మామతో ప్రొద్దుటూరు నుంచి పులివెందుల వెళ్లాను. అమ్మేది ఒక పెద్దాయన. మైలేజీ, రిపేర్లు అన్నీ ఆరా తీశాం.

"పాత బండి, తిరిగింది శానా తక్కువ. మీటర్ ఏమన్నా తిప్పినారా?" అన్నాను నవ్వుతూ. ఆయన తాళం నా చేతిలో పెట్టాడు.

పొగ చూద్దామని ఇంజన్ స్టార్ట్ చేశాను. ఆ చప్పుడుకు ఆయన భార్య లోపలినుంచి పరుగున వచ్చింది.

"వచ్చినావా నాయనా? ఇన్ని దినాలు యాడికి పోయినావు?" అంటూ కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. నా ముఖం చూసి వదిలేసింది.

"మా కొడుకు చనిపోయి ఏడాదైందప్పా. ఈ చప్పుడు వింటే వాడే వచ్చినాడనుకుంటాది. అందుకే అమ్ముతాండా" అన్నాడు పెద్దాయన.

ఎందుకు అమ్ముతున్నారని అడగాలనే నాకు తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ బండే కొన్నాను. పులివెందుల ఎన్నిసార్లు వెళ్లినా, దాన్ని వాళ్ల వీధికి మాత్రం తీసుకెళ్లను.