బస్తాకో చీటీ

ఇవాళ ఆఫీసులో ఎవరో వాము పొట్లం విప్పారు. ఆ ఘాటు తగలగానే ఫలక్‌నుమాలోని మసాలా దినుసుల దుకాణం, దాని మేడమీద శకుంతలక్క కంప్యూటర్ శిక్షణా కేంద్రం కళ్లముందుకొచ్చాయి. దుకాణం వాళ్ల తాతల నాటిది. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా కూతురిని నేను. అక్క దగ్గరే నా మొదటి ఉద్యోగం.

పన్నెండు పాత కంప్యూటర్లు, అన్నిటినీ నడిపేది ఉచితంగా దొరికే లినక్స్. దాని సొంత గిడ్డంగిలో లేని సాఫ్ట్‌వేర్‌ను బయటివాళ్లు నెట్‌లో పెట్టే గిడ్డంగుల నుంచి, అంటే రిపాజిటరీల నుంచి తెచ్చుకోవాలి. కింద దుకాణంలో బయటి సరుకును ఇంటి సరుకులో కలపరు. బస్తా ఎవరిది, ఎందుకు, ఎవరు తెచ్చారు అని చీటీ కడతారు. అక్క రిపాజిటరీలకూ అదే పద్ధతి పెట్టింది: ఒక్కోదానికి ఒక్కో ఫైలు, పైన చీటీలా ఆ మూడు వరుసలు. "బయటిది ఇంటిదాని ఎన్కనే ఉండాలె," అనేది. నాకదంతా చాదస్తంగా తోచేది.

ఒకసారి పిల్లలు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ కొత్తది అడిగారు. హుషారుగా నాలుగు రిపాజిటరీలు వెతికి, చీటీ గీటీ లేకుండా అన్ని కంప్యూటర్లలోనూ ఇంటి గిడ్డంగి చిరునామా ఉండే అసలు ఫైల్లోనే కుమ్మరించాను. మర్నాడు పొద్దున అప్‌డేట్ చేస్తే పన్నెండు తెరల మీదా బొమ్మ పోయి, నలుపులో తెల్లటి అక్షరాలు మిగిలాయి. పదకొండింటికి సర్టిఫికెట్ పరీక్ష! నా ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. కరెంటు మీదికి నెట్టేద్దామని నోటిదాకా వచ్చింది గానీ, అక్క మొహం చూసి నిజం చెప్పేశాను.

"ఏది ఎందుకు పెట్టినవో యాదికున్నదా?"

"లేదక్కా." ఏడుపొచ్చేసింది.

"ఏడిస్తే తెర వెలుగుతదా? ఫికర్ చెయ్యకు, కూసో. ఒక్కొక్క బస్తా విప్పి చూద్దాం."

నాలుగింటినీ నాలుగు ఫైళ్లుగా విడదీసి, దేని నుంచి ఏమొచ్చిందో చూశాం. మూడోది అసలు దొంగ! అడిగిన సాఫ్ట్‌వేర్‌తో పాటు తెరను నడిపే భాగాలను కూడా తెచ్చి ఇంటివాటిని తోసేసింది. దాని ఫైలును పనిచేయకుండా మూసి, ఇంటివి మళ్లీ ఎక్కించాం. మొదటి తెర వెలిగింది! నేను పెట్టిన కేకకు కింద దుకాణంలోంచి అక్క వాళ్లన్న, "ఏందే ఆ లొల్లి?" అని అరిచాడు. నేను వింటేగా! రెండోదానికి, మూడోదానికి పరుగెత్తుతున్నాను. పదకొండుకు ఐదు నిమిషాలుండగా పన్నెండోదీ వెలిగింది.

పరీక్షయ్యాక, "ఇగ ఆ మూడోదానికి చీటీ రాయ్," అంది అక్క. 'ఎవరు తెచ్చారు' దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అక్క తన కంప్యూటర్లో ఎప్పుడో మూసిన ఒక పాత ఫైలు తెరిచింది. మూడో వరుసలో ఉంది: "తెచ్చింది శకుంతల. అన్ని తెరలు పోయినయ్."

ఆమె వైపు చూడకుండానే నా పేరు టైప్ చేశాను.

ఇప్పుడు ఒక రకం లినక్స్ కోసం బయటి రిపాజిటరీలను సర్దడమే నా ఉద్యోగం. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు నేను చూపించేది, అప్పట్నుంచీ నాతో దాచుకున్న నా ఆ మూసిన ఫైలే: "తెచ్చింది పద్మ."