దసరాకు మెరుగు పెట్టిన షాఫ్ట్

ఆదోని పత్తి జిన్నింగు మిల్లులో యంత్రాన్ని తిప్పే షాఫ్ట్ విరిగిందని ఫోనొస్తే నేను నమ్మలేదు. దాని ఆయుష్షు లెక్కగట్టింది నేనే. సన్నటి ఉక్కు గుళ్లను వేగంగా చిమ్మి కొట్టించి, పైపొరను గట్టిపరిచిన షాఫ్ట్ అది. ఆ పొర ఉన్నంతకాలం పగులు లోపలికి పాకదని, ఇరవై ఏళ్లు ఢోకా లేదని నా కంప్యూటర్ మోడల్ చెప్పింది. మూడేళ్లకే రెండు ముక్కలైంది.

మిల్లుకు వెళ్లి ఆ ముక్కలను చేత్తో తడిమాను. గుళ్ల దెబ్బలకు పడిన గరుకు ఎక్కడా లేదు. పైభాగమంతా గాజులా నున్నగా ఉంది.

"దీన్నెవరు రుద్దారు?" అని అరిచాను.

"మేమే సార్," అన్నాడు పెద్ద మేస్త్రీ, ఏ తడబాటూ లేకుండా. "దసరా వచ్చిందంటే ఆకురాయి, ఎమరీ పేపరు పట్టి మెరుగు పెడతాము. గరుకుగా ఉంటే బొట్టు యాడ పెట్టేదప్పా?"

ఏటా ఆయుధపూజకని పొరంతా గీకేశారు! బరువు, వేగం, వేడి అన్నీ లెక్కలో వేసిన నేను ఆ ఒక్క పండగను వేయలేదు. అయినా కోపం ఆగక, ఎవరు చెయ్యమన్నారని ఆయన మీదికే లేచాను.

ఆయన నన్ను వింతగా చూశాడు.

"పోయిన దసరాకు ఈడ టెంకాయ కొట్టింది మీరే గదప్పా. షాఫ్ట్ అద్దం మాదిరి ఉందని నా భుజం గూడా తట్టినారు."