మా అత్త వేలిముద్ర

మా బావగారి మొహం చూస్తే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. సొంత తమ్ముడి పేరు ఓటింగ్ మిషను మీదకి ఎక్కకుండా ఆపేడు. తిట్టీ కాదు, కొట్టీ కాదు. ఇంకు డబ్బా ఒకటి పట్టుకొచ్చేడు, అంతే.

మొన్నటి అసెంబ్లీ ఎన్నికల్లో మా ఆయన ఇండిపెండెంటుగా నిలబడతానన్నాడు. మా ఊరి నుంచి వడ్డాది పోయే దారి బాగుచెయ్యమంటే ఏ పార్టీ వాడైనా నవ్వేసి పోయేవాడు, అదీ ఆయన కోపం. పెద్ద పార్టీ వాడికైతే బలపరచడానికి ఒక్క ఓటరు చాలట. పార్టీ లేనోడికి పదిమంది కావాలట! బావగారి పార్టీకి జడిసి మా గుమ్మం వైపు చూసినవాళ్లే లేరు. బతిమాలి బతిమాలి తొమ్మిది సంతకాలు పట్టేడు. నామినేషన్ కాయితంలో మొదటి గడి మాత్రం మా అత్తకని ఖాళీగా ఉంచేడు. మా ఇంట్లో చెరుకు నాటినా మొదటి ముక్క ఆవిడ చేత్తోనే వేయిస్తాం మరి.

నామినేషన్లకి ఆఖరి రోజు పొద్దున్నే బావగారు దిగేడు. "అమ్మకి మోకాళ్ల నొప్పులు. సోడవరం ఎలచ్చను ఆఫీసు దాకా ఎండలో ఏటి తిప్పుతావురా? ఇక్కడే ముద్ర ఏయించీ" అన్నాడు. తనే తల్లి బొటనవేలు పట్టుకుని ఇంకులో అద్ది వేయించేడు. అన్న మనసు కరిగిందనుకుని మా ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను ఉప్మా చేసి పెట్టేను, నా చేతులు విరిగిపోనూ!

మర్నాడు కాయితాలు పరిశీలిస్తుంటే బావగారి పార్టీ వకీలు లేచేడు. వేలిముద్ర అధికారి ఎదురుగా వెయ్యాలట, ఇంటికాడ వేసింది చెల్లదట. అధికారి అవునన్నాడు. తొమ్మిదిమందే లెక్కకొచ్చేరు, నామినేషన్ కొట్టేసేరు.

"నీకు ముందే తెలుసా?" అనడిగేడు మా ఆయన.

"ఇన్నేళ్లు పార్టీలో ఉన్నాను, ఆమాత్రం తెలీదేట్రా?" అని నవ్వేడు బావగారు.

ఈ సంగతి విన్న దగ్గర్నుంచీ మా అత్త ఆ వేలిని చీరకి తుడుస్తానే ఉంది.

ఓట్ల రోజు బావగారు ఆటో తెచ్చేడు. "రాయే అమ్మా, కూకో. మోకాళ్లు నొప్పెట్టవు."

"నా ఏలు సెల్లదన్నారు కదరా. సెల్లని ఏల్తో నీ బటనెలా నొక్కుతాన్రా? పో!"

నా భుజం పట్టుకుని, ఓటెయ్యడానికి వడ్డాది దారిన నడిచే బయల్దేరింది. ఆటో కొంతదూరం మా వెనకే వచ్చి, గోతుల కాడ ఆగిపోయింది.