గడ్డి లేని దిమ్మెలు

ఉపాధి హామీ పని మా ఊరికి వచ్చిన మొదటి ఎండాకాలం అది. వేరుశనగ మళ్లీ ఎండిపోయింది. పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. మా అత్త, నేను ఊరి బయట కుంట లోతు చేసే పనికి పోయేవాళ్లం. కూలి తవ్విన లోతును బట్టి వస్తుంది. అందుకే మధ్యమధ్య కొంత నేలను తవ్వకుండా దిమ్మెలుగా వదిలేవాళ్లం. దిమ్మె ఎత్తు ఎంతుంటే మేం తవ్విన లోతు అంత.

మొదటి కూలి పోస్టాఫీసులో తీసుకున్నప్పుడు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చెప్పినదానిలో సగం కూడా లేదు. కొలతలు రాసే ఫీల్డు అసిస్టెంటు మా ఊరివాడే. అడిగితే నవ్వాడు.

"గట్టి నేల గదక్కా. మీరు తవ్విండేదే అంత."

మా అత్తకు ఎవరి నవ్వూ నచ్చదు. ఈసారి నాకూ నచ్చలేదు.

మర్నాడు కుంటలో దిగగానే ఆమె ఒక దిమ్మె దగ్గర ఆగిపోయింది. "దీని నెత్తిన గడ్డి యాడికి పాయనే?"

తవ్వని నేల కాబట్టి పైన ఎండుగడ్డి దుబ్బులు ఉండాలి. ఇది బోడిగా ఉంది. పక్కదీ అంతే. ఎవరో పైభాగం పారతో చెక్కేశారు. దిమ్మె పొట్టిదైతే మా లోతూ తగ్గినట్టే కదా! ఆ మిగిలిన లోతు పనిలోకి రానివాళ్ల పేర్ల మీద రాసుకుంటున్నారేమో అనిపించింది.

అసిస్టెంటు మేనత్త కూడా మాతోనే తవ్వేది. ఆ రోజు ఆమె దగ్గరికి వస్తే చాలు, మాటలు ఆపేశాం. చివరికి ఆమె పార కింద పడేసింది.

"నాకూ కూలి తక్కువే వచ్చిండాది గదమ్మా! వాడేమన్నా నాకు చాటుగా ఇచ్చినాడా?"

మా ముందు మళ్లీ కొలిచేదాకా మస్టరులో ఎవరూ వేలిముద్ర వేయకూడదని అనుకున్నాం. అందరం కలిసి మండల ఆఫీసుకు పోయి అర్జీ ఇచ్చాం. ముట్టినట్టు ముద్ర వేసిచ్చేదాకా అత్త గుమ్మంలోంచి కదల్లేదు.

ఇంజినీరు వచ్చాడు, అసిస్టెంటు బండి వెనక కూర్చుని.

"బాగుండాది, ఇద్దరూ ఒగే బండి," అంది అత్త, వాళ్లకు వినబడేలా.

"గడ్డి మేకలు తినేసినాయి సార్," అన్నాడు అసిస్టెంటు.

"మేకలు వేర్లు గూడా తింటాయేమిరా?" అంది అతని మేనత్త.

ఇంజినీరు టేపు తీశాడు. మేం చూపించిన చోట, పార తగలని గట్టు అంచు నుంచి కొలవమన్నాడు. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను. లోతు ఎక్కువే తేలింది.

తగ్గిన కూలి వానలు మొదలయ్యాక వచ్చింది, అదీ పూర్తిగా కాదు. మొదటి వారానికి ఆధారం లేదన్నారు. దిమ్మెలు ఎవరు చెక్కారో తేలలేదు, అసిస్టెంటు పనీ పోలేదు. తర్వాతి పనిలో మేం చెక్కితే తెలిసేలా దిమ్మెల మీద సున్నం చల్లి, కొలిచేటప్పుడు ఇద్దరం దగ్గరే నిలబడ్డాం.

ఆపైన ఎక్కడ కనిపించినా అతను బండి ఆపి, "బాగుండావా అక్కా?" అనేవాడు. బాగుండాననే చెప్పేదాన్ని. చెప్పి, బండి ఏ దారిన పోతుందో చూస్తూ నిలబడేదాన్ని.