ఆదివారం రీడింగులు

రెండేళ్లపాటు ప్రతి ఆదివారం పొద్దున, చాయ్ కూడా తాగనివ్వకుండా, మా నాయిన వేలి నుంచి రక్తపు చుక్క తీసి షుగర్ చూశాను. తేదీ, సమయం, రీడింగు, ముందురోజు మాత్ర వేసుకున్నాడా లేదా: ఈ నాలుగూ ఫోనులో రాసుకునేవాణ్ణి. ఒక్క వారం కూడా వదల్లేదు. వాటితో గీసిన గ్రాఫు దాదాపు చదునుగా ఉండేది. దాన్ని చూసుకుని గర్వపడేవాణ్ణని ఒప్పుకోవాలి.

నేను మేడ్చల్ వైపు ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కాలి కాబట్టి ఆదివారం తప్ప నాకు వీలుండదు. నాయిన మేడ్చల్, శామీర్‌పేట మధ్య షేర్ ఆటో నడుపుతాడు. ఆయనకు పన్నెండేళ్లుగా షుగర్ ఉంది.

తేడాను మొదట పట్టుకున్నది నా గ్రాఫు కాదు, అమ్మ. "మీ నాయిన పోయొచ్చినంక బాత్రూంల ఎన్ని నీళ్లు గుమ్మరించినా నురుగు పోతలేదురా. సర్ఫు కలిపినట్టుంటాంది. మీ నాయిన్నడిగితే సబ్బు నీళ్లే అంటడు" అంది.

ఆ వారమే సెలవు పెట్టి నాయినను పేట్ బషీరాబాద్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. పరీక్షల్లో రెండు విషయాలు బయటపడ్డాయి. మూత్రంలో ప్రొటీన్ పోతోంది, నురుగు దానివల్లే. మూడు నెలల సగటు షుగర్ చాలా ఎక్కువగా ఉంది. ఆ రెండోది ల్యాబువాళ్ల పొరపాటని వాదించి, ఫోను తీసి గ్రాఫు చూపించాను.

ఆవిడ కోస్తా వైపు మనిషి. గ్రాఫును అటూ ఇటూ జరిపి చూసి, "అన్నీ ఆదివారాలేనా బాబూ?" అంది.

"అవును మేడం. ఒక్కటి గూడ మిస్ కాలే."

ఆవిడ నాయిన వైపు తిరిగింది. "శనివారం ఏం తింటారండీ మీరు?"

నాయిన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "శనివారం ఒక్కపొద్దు మేడం. ఎంకన్న సామి మొక్కు. పగటీలి ఇంత బువ్వ, రాత్రికి గిలాసెడు సల్ల, గంతే. ఇరవై ఏండ్ల సంది తప్పలే."

"మరి మిగతా రోజులు?"

"మిగతా దినాలు మంచిగ తింట గద!"

ఆవిడ నవ్వలేదు. మా కంపెనీలో పొడి మందు డ్రమ్ము వస్తే పైనుంచి కొంత, నడుమ కొంత, అడుగునుంచి కొంత తీసి పరీక్షిస్తాం. ఒక్క చోటు నుంచే తీసిన నమూనాను నమ్మకూడదని కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది నేనే. అలాంటిది రెండేళ్లు నాయిన ఉపవాసాన్ని కొలిచి, అదే ఆయన షుగర్ అనుకున్నాను.

డాక్టరమ్మ కొత్త మాత్ర రాసింది. బీపీకి వాడేదే గానీ కిడ్నీ మీద ఒత్తిడి తగ్గిస్తుందంది. ఉప్పు తగ్గించమంది. మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మంది.

తిరిగి వస్తుంటే, ఖాళీ ఆటోలో ముందుసీటు నుంచి నాయిన అడిగాడు. "అంటే నా మొక్కే నాకు ఎసరు పెట్టిందారా?"

"మొక్కుది తప్పు లేదు నాయినా. ఎప్పుడు చూడాల్నో తెల్వక నేను జేసిన తప్పు."

"సరే గానీ, లోపల ఏం ఖరాబైంది? సక్కగ చెప్పు."

చెప్పాను. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్న నాళాలు లక్షల్లో ఉంటాయి. ఆ నాళాల చుట్టూ కొన్ని కణాలు, వేళ్లలో వేళ్లు దూర్చినట్టు, అల్లుకుని ఉంటాయి. వాటి సందుల్లోంచి నీళ్లు పోతాయి, ప్రొటీన్ ఆగుతుంది. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే ఆ వేళ్ల పట్టు సడలుతుంది. కొన్ని కణాలు ఊడి మూత్రంలో కొట్టుకుపోతాయి. పక్కనున్నవి సాగి ఆ ఖాళీని కప్పాలని చూస్తాయి.

"సీట్ల ఒకడు దిగితే పక్కోడు జరిగి కూసున్నట్టు" అన్నాడు నాయిన.

"ఆఁ. కానీ గీడ దిగినోని జాగల కొత్తోడు ఎక్కుడు కష్టం."

ఆయన గేరు మార్చాడు. ఇంటి మలుపు దగ్గర, "ఇగ ఎవ్వడు దిగకుండ చూడాలె" అన్నాడు.

ఆ సాయంత్రం కొత్త పట్టిక వేశాను. వారానికి నాలుగు రీడింగులు, శనివారం, ఆదివారం కాకుండా. పరగడుపున రెండు, తిన్న రెండు గంటలకు రెండు. ఏ రోజు ఏది చూడాలో ముందే తెలియకుండా నాలుగు చీటీలు రాసి, ఒక ఖాళీ చీటీ కలిపి డబ్బాలో వేశాను. రోజూ పొద్దున్నే అమ్మ ఒక చీటీ తీస్తుంది. తిన్నాక చూసే పగటి రీడింగు వస్తే షుగర్ మిషన్ ఆటోలో వెళ్తుంది.

మొదటి బుధవారమే పగటి చీటీ వచ్చింది. మధ్యాహ్నం మేడ్చల్ స్టాండు నుంచి నాయిన ఫోను. "అరేయ్, మిషన్ ఖరాబైంది. మస్తు ఎక్కువ సూపెడ్తాంది."

"ఇంకో వేలు గుచ్చి చూడు నాయినా."

వెనక నుంచి ఎవరో డ్రైవరు గొంతు వినిపించింది. "ఏందన్నా, నీ కొడుకు పోలీసోళ్ల లెక్క స్టాండ్లనే చెకింగ్ వెట్టిండా?"

"నువ్వాగురా బై!" అని, నాయిన ఇంకో వేలు గుచ్చుకుని చూసి మెల్లగా అన్నాడు. "గదే వస్తాంది. పొద్దుగాల సంది ఆరు చాయలు తాగిన. ట్రిప్పుకొకటి."

"చక్కెరతోనా?"

"మరి ఉప్పుతోనా?"

ఆ రాత్రి ఆయన కోప్పడతాడనుకున్నాను. కానీ తనే ఫోను తియ్యమని, రీడింగు పక్కన "ఆరు చాయలు" అని నాతో టైపు చేయించాడు. మర్నాటి నుంచి చక్కెర లేని చాయ్, అదీ రెండే. వారం రోజులు దాన్ని తిడుతూనే తాగాడు. గ్రాఫు ఎత్తుపల్లాలతో వికారంగా తయారైంది. నమ్మదగ్గది మాత్రం అదే.

మూడు నెలలకు మూత్రపరీక్ష మళ్లీ చేయించాం. ప్రొటీన్ తగ్గింది, ఉండాల్సిన గీత కిందికి మాత్రం రాలేదు. కాగితం నా చేతిలో ఉండగానే నాయిన అడిగాడు.

"దిగిపోయినయి తిరిగి వచ్చినయా?"

"రాలే నాయినా. ఇంక పోవుడు తగ్గినట్టుంది."

"మిగిలినయి ఎన్నున్నయంట?"

"గది గీ కాగితంల ఉండదు."

"కాగితంల లేకుంటే లేకపాయె, లోపల ఉన్నయి గద" అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మళ్లీ ఎప్పుడు రావాలో కౌంటరులో అడగడానికి నాకంటే ముందు లేచాడు.