పెళ్ళి జాకెట్టును మింగిన సొరుగు

వడ్రంగి రావట్లేదని ఇందాకట్నుంచి ఒకటే తిట్టుకుంటున్నారు గానీ, నా మాట విని ఓపిక పట్టండి. ఓపిక లేక నేనే రంపం పట్టినదాన్ని. దాని పుణ్యమా అని ఒక పెళ్ళికూతురు పాత జాకెట్టుతో పీటలెక్కాల్సొచ్చేది, కొద్దిలో తప్పింది! నవ్వకండి, టీ వొలుకుద్ది.

ఎనభైల్లో సంగతి. నరసరావుపేటలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన బస్సు కండక్టరు. ముందు గదిని హాలు అనేవాళ్ళం గానీ అది నా కుట్టు వర్క్‌షాపు. మా బజారులో జాకెట్లన్నీ నా చేతి మీదుగా పోవాల్సిందే. ఆ సామానుకి మాత్రం ఒక చోటంటూ లేదు. హుక్కులు పాలడబ్బాలో, దారాలు మంచం కింద, లైనింగు గుడ్డలు బియ్యం డబ్బా మీద. ఓ రోజు మా ఆయన ఖాకీ చొక్కాకి గుండీ ఊడితే, దానికి సరిపోయే గుండీ దొరక్క గులాబి రంగుది కుట్టి డ్యూటీకి పంపించా. ఆ రోజు బస్సులో జనం ఆయన మొహం చూళ్ళేదంట, అందరి చూపూ గుండీ మీదే!

ఎదురింట్లో కాశిం బాబాయ్ ఉండేవాడు, వడ్రంగి, చానా మంచి పనిమంతుడు. "బాబాయ్, నాకో సొరుగుల పెట్టె చేసిపెట్టవా" అని అడిగా.

"చేస్తా తల్లీ. ఇప్పుడు చేతినిండా పెళ్ళి మంచాలే ఉన్నయి. వానలు పడనీ, చూద్దాం" అన్నాడు.

వానలదాకా ఎవరాగుతారు? గుడ్డ కత్తిరించే చేతికి చెక్క కత్తిరించడం ఒక లెక్కా! కొలత కొలతే కదా అనుకున్నా.

మా ఆయన్ని సతాయిస్తే కిరాణా కొట్లోంచి ఖాళీ టీపొడి పెట్టెలు మూడు తెచ్చిచ్చాడు. మీకు గుర్తున్నయ్యా అవి? పల్చటి చెక్క, అంచులకి రేకు పట్టీలు, లోపల వెండి రంగు కాగితం. మూత తీయంగానే ఇల్లంతా టీ వాసన! కలప అడితిలోంచి నాలుగు మామిడి పలకలు కూడా తెప్పించా. అప్పుడు రోహిణి కార్తె, ఎండలు మండిపోతన్నయి. వంట అయ్యాక రేడియో పెట్టుకుని, కొంగు నడుముకి బిగించి, వసారాలో కూర్చుని కోసేదాన్ని. కొలతలన్నీ కుట్టు టేపుతోనే. అప్పట్లో దారపు రీళ్ళు చెక్కవి వచ్చేవి. ఖాళీ అయినవి దాచిపెట్టా, సొరుగులకి పిడులు అవే. రంపం పట్టి పట్టి అరచేతులు బొబ్బలెక్కినయి గానీ, ఆ వారం రోజులు నాకున్న సంతోషం అంతా ఇంతా కాదు.

ఎనిమిది సొరుగులు! మూస్తే సందులో దారప్పోగు కూడా దూరదు. నెడితే లోపలి గాలి ఉస్సుమంటా బయటికొచ్చేది. జాకెట్టు ఒంటికి అతికినట్టు కుడతానని నాకు పేరు కదా, సొరుగులూ అట్టాగే కుట్టా!

"కొంచెం బిగుతైందేమోనే సరోజా" అన్నాడు మా ఆయన.

"నీకేం తెలుసయ్యా? వదులుగా ఉంటే బొద్దింకలు దూరతయి" అని నోరు మూయించా.

కాశిం బాబాయ్‌కి చూపించి మెప్పు కొట్టేద్దామంటే, ఆయన అప్పుడు పని మీద మాచర్లలో ఉన్నాడు. మిగతా బజారంతా వచ్చి చూసింది. వచ్చినోళ్ళందరికీ ఉస్సుమనిపించి చూపించా.

శ్రావణమాసం వచ్చింది. పక్కింటి రమణమ్మక్క కూతురు పద్మ పెళ్ళి కుదిరింది. ముహూర్తం జాకెట్టు నన్నే కుట్టమంది. మెరూన్ రంగు, చేతులకి జరీ అంచు. రెండ్రోజులు కళ్ళు లాగేలా కుట్టి, పేపర్లో చుట్టి, మూడో సొరుగులో భద్రంగా పెట్టా. ఆ రోజే ముసురు పట్టింది. మూడ్రోజులు ఎండ మొహం చూడలేదు.

పెళ్ళి కారంపూడిలో, మగపెళ్ళివారింట్లో. పొద్దున పదింటికల్లా పెళ్ళి బస్సు బయల్దేరాలి. తొమ్మిదింటికి రమణమ్మక్క గొడుగేసుకుని వచ్చింది.

"సరోజా, జాకెట్టు ఇయ్యమ్మా. పద్మకి చీర కడతన్నారు."

"ఇదుగో అక్కా" అని ఠీవిగా పిడి పట్టుకుని లాగా. రాలా. ఇంకొంచెం గట్టిగా లాగా. ఉహూ! మిగతా ఏడూ లాగి చూశా. ఒక్కటి కదిలితే ఒట్టు!

మొహం మీద నవ్వు పులుముకుని, "కూర్చో అక్కా, టీ తాగి పోదువు" అన్నా.

"టీ ఏందే, పెళ్ళి పెట్టుకుని! జాకెట్టు కానీ పూర్తవలేదా ఏంది?"

"అయ్యో, ఎప్పుడో అయింది. లోపలుంది." ఒక కాలు పెట్టెకి తన్నిపెట్టి, రెండు చేతుల్తో లాగా. పిడి ఊడి నా చేతిలోకొచ్చింది, నేను పోయి మిషను కింద పడ్డా!

చప్పుడుకి మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. సందులో కొబ్బరినూనె పోద్దామన్నాడు. సందుంటే కదా పోసేది! నాకింకో తెలివి తట్టింది. తేమకి ఉబ్బిన చెక్క వేడికి ఆరదా అని బొగ్గుల ఇస్త్రీపెట్టె రాజేసి సొరుగు మొహానికి ఆనించా. పొగ లేచింది.

"ఏందే సరోజా! నా కూతురి జాకెట్టు కాల్చేస్తన్నావా?" అని రమణమ్మక్క కేక. ఆ కేకకి సగం కట్టిన చీర చేత్తో పట్టుకుని పద్మే వచ్చేసింది. పిల్ల కళ్ళనిండా నీళ్ళు. "పిన్నీ, నా జాకెట్టు..." అంది. అప్పుడు పోయింది నా ప్రాణం. వెంటనే కాశిం బాబాయ్ కోసం మా ఆయన్ని పరిగెత్తించా. అదృష్టం, ముందు రోజే ఊళ్ళోకొచ్చాడు.

ఆయన వచ్చి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. వేలితో తట్టాడు. "ఎవరు చేశారు తల్లీ?"

"నేనే బాబాయ్."

"ఇంత నున్నగా కోశావే! మరి సందేది?"

"సందెందుకు? టైటుగా ఉంటే బాగుంటదని..."

"వానాకాలం చెక్క నీళ్ళు తాగుద్దమ్మా. దానికీ పొట్ట పెరుగుద్ది. పొట్టకి చోటు ఒదలొద్దా?"

పెట్టెని గది మధ్యకి జరిపి, వెనక చెక్క మేకులు పీకాడు. మూడో సొరుగు వెనక పలక కూడా ఊడదీశాడు. లోపలికి చెయ్యి పెట్టి పేపరు పొట్లం బయటికి తీశాడు. జాకెట్టు కొంచెం నలిగింది గానీ చెక్కు చెదర్లా. ఇస్త్రీపెట్టె ఎట్టాగూ రాజేసే ఉంది కదా, అప్పటికప్పుడు ఇస్త్రీ చేసిచ్చా. పద్మ కళ్ళు తుడుచుకుని, "వేడిగా బాగుంది పిన్నీ" అని నవ్వింది. బస్సు అరగంట లేటు. ఎందుకు లేటైందో కారంపూడి చేరేలోపు బస్సు బస్సంతా తెలిసిపోయింది! భోజనాల్లో మగపెళ్ళివారు కూడా, "సొరుగులావిడ ఎవరు?" అని వెతుక్కుంటా వచ్చారు.

కాశిం బాబాయ్ ఇప్పుడు లేడు. ఆయన్ని తలుచుకుంటే ఆ రోజు మేకులు పీకుతా ఆయన నవ్విన నవ్వే గుర్తొస్తది.

అంతటితో బుద్ధొచ్చిందా నాకు? మర్నాడే మిగతా ఏడు సొరుగుల వెనక పలకలూ పీకేశా. పెట్టె గది మధ్యలోనే ఉంచి, ఆ వానాకాలమంతా వెనకనుంచే చెయ్యి పెట్టి సామాను తీసుకున్నా.

ఎండాకాలానికి చెక్క ఆరింది. ఓ మధ్యాహ్నం ముందువైపు ఊరికే లాగి చూశా. సొరుగు వెన్నలాగా వచ్చింది! నా ఆనందం చెప్పలేను. ఉన్నపళాన రమణమ్మక్కని పిలిచా. "చూడక్కా, నా పనిలో లోపమేం లేదు, అంతా వానల తప్పే" అని గుండీల సొరుగు బయటికి లాగి, ఉస్సుమనిపిద్దామని ఒక్క తోపు తోశా.

పెట్టెకి వెనక చెక్క లేదని నాకు గుర్తుంటే కదా! సొరుగు సొరుగంతా అవతలికి దూసుకుపోయింది. అవతల చాప మీద, డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన నిద్రపోతన్నాడు.

దబ్బుమని చప్పుడు. ఒళ్ళంతా గుండీలతో లేచి కూర్చున్నాడు పాపం.

"ఏందే ఇది! ముందు డోర్లో ఎక్కి వెనక డోర్లో దిగింది, టిక్కెట్టు కొట్టేదా?"

రమణమ్మక్క నవ్వలేక గోడ పట్టుకుని కూలబడింది. నేను మాత్రం మంచం కిందకి పాక్కుంటా పోయి గుండీలు ఏరుకున్నా. నా తల మీద కూడా ఒకటుందంట, సాయంత్రందాకా ఎవరూ చెప్పలా!